లోయకేసి వీపు

మోకాళ్ల డాక్టరు దగ్గర వాళ్లకి దొరికిన టోకెను నలభై ఒకటి. లోపలికి పిలిచింది పదిహేడు. బెంచీలన్నీ నిండిపోయాయి. మోకాళ్ల నొప్పులతో వచ్చినవాళ్లు గోడకి చేరగిలబడి నిలబడ్డారు, వాళ్లకి తోడొచ్చినవాళ్లు హాయిగా కూర్చున్నారు. లోకం తీరే అంత అనుకున్నాడు డ్రైవరు.

ఆయన రిటైరై నాలుగేళ్లయింది. అయినా వీధిలో అందరికీ ఇంకా డ్రైవరే. కొండదారి బస్సు ఇరవై తొమ్మిదేళ్లు నడిపాడు. డిపోలో మాత్రం ఆయనకి ఇంకో పేరుంది. ఆ పేరు చెవిన పడ్డ రోజున ఆయనకి అన్నం సయించదు.

"పక్క భవనంలో బొమ్మల హాలుందిట," అంది భార్య, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ. "టిక్కెట్టు లేదట. ఫ్యాన్లున్నాయి, కూర్చోడానికి బల్లలున్నాయి అని కాంపౌండరు చెప్తున్నాడు. మన నంబరు వచ్చేసరికి గంట పైమాటేనట."

"బొమ్మలు చూసే వయసా మనది?"

"మీరు బొమ్మలు చూడక్కర్లేదు. నేను కూర్చుంటాను, నన్ను చూడండి."

"ముప్ఫై అయిదేళ్లుగా అదే పని."

"చూశారులెండి పాపం. రోడ్డు తప్ప ఇంకేం చూశారు మీరు?"

మెట్లు దిగేటప్పుడు ఆమె ఆయన భుజం పట్టుకుంది. చొక్కా జేబులోని కార్డు ఆమె వేళ్లకి తగిలింది. రిటైరైన డిపోవాళ్లందరూ ఆదివారం కలుసుకుంటున్నారు. పది రోజుల కిందట వచ్చిన ఆహ్వానం అది. పారెయ్యడూ, వెళ్తాననీ అనడు.

"వెళ్తున్నారా లేదా ఇంతకీ?"

"వెళ్లను."

"అందరూ వస్తారుట కదా."

"అందుకే వెళ్లను."

ఆమె ఇక పొడిగించలేదు. ఆ పుండు ఎక్కడుందో ఆమెకి తెలుసు.

కొండదారిలో పధ్నాలుగు మలుపులు. పొద్దున్నే ఒక ఎక్కుడు, సాయంత్రం ఒక దిగుడు. ఆయన చేతికిచ్చిన బస్సు పాతది, బరువైనది. దిగేటప్పుడు తొమ్మిదో మలుపు చేరేసరికి చక్రాల్లో బ్రేకు డ్రమ్ములు కాలిన పెనాల్లా అయిపోయేవి. అక్కడ రోడ్డు పక్కన కొంచెం జాగా ఉంది. ఆయన బస్సు ఆపి, దిగి, ఒక్కొక్క చక్రం దగ్గరా గొంతుకూర్చుని, అరచెయ్యి తిప్పి వెనక వైపుతో వేడి చూసేవాడు. తొందరపడి నీళ్లు పోస్తే డ్రమ్ము పగులుతుంది. దానికి గాలే మందు, ఓపికే పథ్యం. గడియారం పెట్టుకుని ఆరు నిమిషాలు ఆగి, మళ్లీ చెయ్యి పెట్టి చూసి, అప్పుడు బండి తీసేవాడు.

ఎక్కినవాళ్లు ఊరుకుంటారా? "ఇక్కడ టీ కొట్టయినా లేదు, దేనికి ఆపాడో," అని ఒకరు. "చక్రాలకి నాడి చూస్తున్నాడు," అని ఇంకొకరు. ఆయన ఆ దారికి వచ్చిన మూడో ఏడు పధ్నాలుగు మంది సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చారు. డిపో మేనేజరు మెమో ఇచ్చాడు. ఆయన తనకొచ్చిన భాషలో సంజాయిషీ రాశాడు: "అయ్యా, బస్సు నాది కాదు, అందులో ప్రాణాలు నావి కావు. రెండూ అప్పగించేదాకా నా పూచీ." మేనేజరు దాన్ని నలుగురికీ చదివి వినిపించి నవ్వాడు. ఏటా ఒక మెమో, ఏటా అదే సంజాయిషీ. ప్రమాదం చెయ్యని డ్రైవరుకి డిపోలో ఏడాదికోసారి ఇచ్చే బిళ్ల అందరికీ వచ్చింది, ఇరవై తొమ్మిదేళ్లలో ఎవరి ఒంటి మీదా ఒక్క గీత పడనివ్వని ఆయనకి మాత్రం రాలేదు. వచ్చిందల్లా ఆ పేరే. ఆరు నిమిషాలాయన.

రిటైరైన రోజు సభలో మేనేజరు లేచి, "డ్రైవరుగారి గౌరవార్థం సభ ఆరు నిమిషాలు ఆలస్యంగా మొదలుపెడుతున్నాం," అన్నాడు. అందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. ఇంటికొచ్చి మాత్రం కంచం ముందు కూర్చుని లేచిపోయాడు.

ఎగతాళినైనా మింగేసేవాడేమో. మింగుడుపడనిది వేరే ఉంది. ఆయన దిగిపోయాక ఆ దారికి కొత్త బస్సులు వచ్చాయి. కొత్త డ్రైవర్లు తొమ్మిదో మలుపులో ఆపడం లేదు. అయినా ఏమీ కాలేదు. కొత్త బస్సుల బ్రేకులు వేరని ఆయనకి తెలుసు. తెలిసినా, రాత్రిళ్లు పక్క మీద ఒక పురుగు తొలిచేది. ఒకవేళ అప్పుడు ఆపకపోయినా ఏమీ అయ్యేది కాదేమో? ఊరికే అంతమందిని అన్నేళ్లు ఎండలో కూర్చోబెట్టానేమో? జరిగిన ప్రమాదానికి పోలీసులు వచ్చి సాక్ష్యం రాసుకుంటారు. జరగనిదానికి ఎవరు రాస్తారు?

రోజూ తెల్లవారుజామున దేవుడికి దణ్ణం పెట్టుకుని, పిల్లలనీ మనవలనీ చల్లగా చూడమని అడిగి, చివర్లో ఇది కూడా అడిగేవాడు: "స్వామీ, నేను చేసింది సరైన పనేనా? ఎవరో ఒకరిచేత ఒక్క మాట అనిపించు." నాలుగేళ్లుగా జవాబు లేదు. ఆయనకి కోపం రాలేదు. అక్కడ మాత్రం ఎంతమంది నిలబడి ఉంటారు, మన టోకెను ఇంకా రాలేదేమో అనుకునేవాడు.

*

బొమ్మల హాలు ఒకప్పుడు గిడ్డంగి. గోడలకి తెల్లసున్నం, నేలకి పాత గచ్చు, మధ్యలో రెండు పొడుగాటి బల్లలు. గుమ్మం పక్కన స్టూలు మీద వాచ్‌మన్ కూర్చుని ఉన్నాడు. వీళ్లని చూసి లేచి, "రండి బాబాయ్‌గారూ, రండి పిన్నిగారూ. చేత్తో ముట్టుకోకండి, అంతే. మిగతాదంతా మీ ఇష్టం," అన్నాడు. పొద్దుట్నుంచి మాట్లాడటానికి మనిషి దొరకనివాడి గొంతు అది.

ఆమె ఫ్యాను కింద బల్ల చూసుకుని కూర్చుంది. ఎదురుగా పళ్లబుట్ట బొమ్మ ఉంది. "ఒక్క కాయా మాగలేదు," అంది తీర్పు చెప్తున్నట్టు. ఆయన చేతులు వెనక్కి కట్టుకుని గోడ పక్కనే నడిచాడు. ఒక గుర్రం. ఒక కిటికీ. నిద్రపోతున్న ముసలామె. చివరి గోడకి అన్నిటికంటే పెద్ద బొమ్మ ఒకటే ఉంది. ఆయన దాన్ని కూడా దాటిపోబోయాడు. కాలు ఆగిపోయింది.

బొమ్మ నిండా లోయ. సాయంత్రపు ఎండలో కొండలు ఒకదాని వెనక ఒకటి, దూరం పోయేకొద్దీ పలచబడుతూ ఉన్నాయి. కింద అతుకుల దుప్పటి పరిచినట్టు పొలాలు. వాటి మధ్య మెరుస్తూ, మెలికలు తిరుగుతూ ఒక నది. ఇవేవీ ఆయన్ని ఆపలేదు. ఆయన్ని ఆపింది బొమ్మ అడుగున, ఎవరూ పట్టించుకోని మూల. అక్కడ బూడిదరంగు రోడ్డంచు ఉంది, దాని మీద సున్నం కొట్టిన రాళ్లు మూడున్నాయి. మధ్య రాయి పక్కకి ఒరిగి ఉంది.

దాన్ని ఒరగబెట్టింది ఆయనే. ఆ దారికి వచ్చిన కొత్తలో, మంచులో బండి వెనక్కి తీస్తూ తగిలించాడు. ఎన్నిసార్లు చెప్పినా రోడ్డువాళ్లు దాన్ని నిలబెట్టలేదు.

కళ్లజోడు తీసి పెట్టుకుని, పక్కన అంటించిన చీటీ చదివాడు. "ఆరు నిమిషాలు," అని ఉంది. కింద "నూనె రంగులు".

ఆయన చెవులు వేడెక్కాయి. డిపోలో అన్నది చాలలేదు, సభలో నవ్వింది చాలలేదు, ఇప్పుడు బొమ్మ గీసి గోడకి కూడా తగిలించారన్నమాట. గబగబా గుమ్మం దగ్గరికి నడిచాడు.

"ఆ చివరి బొమ్మ తప్పు," అన్నాడు వాచ్‌మన్‌తో.

"బొమ్మలో తప్పేముంటుంది బాబాయ్‌గారూ?"

"అది కొండదారిలో తొమ్మిదో మలుపు. రాళ్లు నిజమే, రోడ్డూ నిజమే. కానీ అక్కడ నది లేదు. ఇరవై తొమ్మిదేళ్లు ఆ మలుపులో బస్సు ఆపినవాణ్ని చెప్తున్నాను. లేని నదిని తెచ్చి పెడితే ఎలా?"

"నాకు స్టూలు ఇచ్చారు గానీ బొమ్మల మీద అధికారం ఇవ్వలేదండీ. వేసినావిడ వెనక గదిలోనే ఉన్నారు. పిలుస్తాను, మీరూ మీరూ తేల్చుకోండి." చాన్నాళ్లకి ఒక తగువు దొరికిన సంతోషం అతని నడకలో తెలుస్తూనే ఉంది.

వచ్చినావిడకి అరవై దాటి ఉంటాయి. సన్నగా ఉంది. కళ్లజోడు దారంతో మెడలో వేలాడుతోంది. బొటనవేలి గోరులో నీలం రంగు ఇరుక్కుని ఉంది.

"నది లేదన్నారట," అంది నెమ్మదిగా.

"లేదమ్మా. అబద్ధం చెప్పాల్సిన అవసరం నాకేముంది?"

"పోనీ, అక్కడ ఏముంది?"

"ఏముంటుంది? లోయ."

"లోయలో?"

ఆయన ఆ మలుపుని కళ్లముందుకి తెచ్చుకోబోయాడు. ఎక్కేటప్పుడు లోయ తన పక్కనే ఉండేది, నిజమే. కానీ తెల్లవారకముందే బయల్దేరిన బస్సు, చుట్టూ మంచు. పైగా ఎక్కుతూ లోయ చూసిన డ్రైవరు రెండోసారి చూడటానికి మిగలడు. దిగేటప్పుడు ఆపేవాడు కదా. ఆపి, దిగి, చక్రం దగ్గర కూర్చునేవాడు. ముఖం చక్రం వైపు. మరి వీపు?

"మీరు ఎప్పుడైనా లోయ వైపు తిరిగి చూశారా?" అందామె. ఆ గొంతులో ఎకసెక్కెం లేదు. అంటూనే ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఏమనుకోకండి. ఒక్కసారి అటు తిరిగి కూర్చుంటారా? చక్రం దగ్గర కూర్చున్నట్టు."

"ఈ వయసులో ఆయనచేత గుంజీలు తీయిస్తావా అమ్మా?" అంది బల్ల మీంచి భార్య.

ఆయన ఎందుకు ఒప్పుకున్నాడో ఆయనకే తెలీదు. గోడకేసి తిరిగి, మోకాళ్లు వంచి, సగం కూర్చున్నాడు. కుడిచెయ్యి దానంతటదే తిరగబడి ముందుకి చాచుకుంది.

"ఈ వీపే," అందామె. "వదినగారూ, మీవారి ముఖం నాకు సరిగ్గా తెలీదండీ. వీపు మాత్రం పదకొండేళ్లు చూశాను."

*

నలుగురూ బల్ల దగ్గర చేరారు. వాచ్‌మన్ స్టూలుతో సహా వచ్చేశాడు.

ఆవిడ కొండ మీది బళ్లో కుట్టు టీచరుగా పనిచేసిందట. రోజూ ఈయన బస్సులోనే దిగేది. ఎడమ పక్క, కిటికీ దగ్గర మూడో సీటు.

"ముందు ఒక మాట చెప్పాలి," అంది, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ. "అది చెప్పకుండా ఇంకేం చెప్పినా దొంగతనమే. అప్పట్లో మీ మీద అర్జీ ఇచ్చారు చూడండి. అందులో పదకొండో సంతకం నాది."

భార్య చెయ్యి ఆయన మోచేతి మీదికి వచ్చింది.

"కొత్తగా చేరాను. ఇంట్లో అమ్మ మంచం మీద ఉంది. నేను వెళ్లేదాకా ఆవిడకి మంచినీళ్లిచ్చే దిక్కు లేదు. ఆ ఆరు నిమిషాలూ నాకు ముళ్ల మీద కూర్చున్నట్టుండేది. కాగితం చేతికొస్తే చదవకుండానే పెట్టేశాను. తర్వాత నెల తిరక్కుండా మీరు రెండు రోజులు సెలవు పెట్టారు."

"మా పెద్దది పుట్టినప్పుడు," అంది భార్య వెంటనే.

"అయ్యుంటుంది. మీ బదులు ఒక కుర్రాయన వచ్చాడు. తొమ్మిదో మలుపులో ఆపలేదు. బస్సులో అందరం చప్పట్లు కొట్టాం, నేనూ కొట్టాను. పదో మలుపులో ఏదో మాడిన వాసన. పదకొండో మలుపులో ఆయన కాలు తొక్కుతున్నాడు, బండి ఆగడం లేదు. తొక్కిన కాలు నేలకి తగులుతోంది, చప్పుడు నాకు వినిపిస్తోంది. చివరికి బండిని కొండగట్టుకేసి రాసుకుంటూ పోనిచ్చి ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. దిగి చూస్తే లోయ దూరంగానే ఉంది గానీ, మళ్లీ ఆ బస్సెక్కడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఆ అబ్బాయి రెండు చేతులూ జోడించి ఎవరికీ చెప్పొద్దన్నాడు. కొత్త ఉద్యోగం, పోతుందని ఏడ్చాడు. మేం చెప్పలేదు."

డ్రైవరు కళ్లు చిట్లించాడు. "బస్సు కుడి పక్కంతా గీరుకుని ఉంది," అన్నాడు మెల్లిగా. "నేను తిరిగొచ్చిన రోజున చూశాను. డిపో గేటుకి రాసుకుందన్నారు."

"గేటు కాదు. మీరొచ్చిన రోజు తొమ్మిదో మలుపులో ఆపారు. బస్సులో ఒక్కరు సణగలేదు. గుర్తుందా?"

"విసిగిపోయి ఊరుకున్నారనుకున్నాను."

"సిగ్గుపడి ఊరుకున్నాం. అర్జీ మీద సంతకాలకి పధ్నాలుగు మందిమి దొరికాం. వెనక్కి తీసుకోవడానికి ఒక్కరం దొరకలేదు." ఆమె వేలికి చుట్టుకున్న కొంగు విప్పింది. "ఆ రోజు నేను గడియారం చూడటం మానేసి కిటికీలోంచి చూశాను. అప్పటిదాకా అక్కడ లోయ ఉందని నాకూ తెలీదు. మర్నాటినుంచి పెన్సిలు తెచ్చుకున్నాను. బస్సు కదుల్తుంటే గీత వణుకుతుంది కదండీ, మీరు ఆపినప్పుడే గీసేదాన్ని. రోజుకి ఆరు నిమిషాలు. బొమ్మలు వెయ్యడం నాకు ఎవరూ నేర్పలేదు. ఆ మలుపులోనే వచ్చింది. అమ్మ పోయాక ఇంట్లో నన్ను నిలబెట్టింది ఆ పెన్సిలే."

"మరి ఒక్కనాడైనా ఆయనతో అనకపోయావా తల్లీ?" అంది భార్య. నిష్ఠూరమే అయినా మెత్తగా అంది. "ఈయన ఎన్ని పూటలు తినకుండా లేచాడో నాకు తెలుసు."

"అందామనే ముందు సీట్లోకి వచ్చాను వదినగారూ, రెండుసార్లు. నెత్తిన బోర్డు ఉంది, 'డ్రైవరుతో మాట్లాడరాదు' అని. బళ్లో పంతులమ్మని, బోర్డు మీద రాసింది కాదనలేకపోయాను. అది సాకేలెండి. పదకొండో సంతకం నోరు నొక్కేసింది. మీరు రిటైరయ్యారని ఆలస్యంగా తెలిసింది, ఇల్లెక్కడో తెలీదు. కనీసం బొమ్మకి ఆ పేరు పెడితే, ఏ డిపోవాళ్లయినా చూసి మీకు చెప్తారనుకున్నాను." తల వంచుకుంది. "క్షమించమని అడుగుతున్నాను, అన్నయ్యగారూ."

వాచ్‌మన్ స్టూలు ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు.

డ్రైవరు తన కుడిచేతిని చూసుకున్నాడు. వేళ్ల వెనక చర్మం మీద డ్రమ్ముల వేడికి పడిన నల్లటి మచ్చలు ఇంకా పోలేదు. నాలుగేళ్లుగా దేవుణ్ని అడిగింది ఒక్క మాట. ఇప్పుడొచ్చిన జవాబు మాట మాత్రమే కాదు, గోడంత ఉంది. అది కూడా ఆయనకి వ్యతిరేకంగా సంతకం పెట్టిన చేత్తోనే దేవుడు రాయించి పంపాడు. ఎందుకిలా తిప్పి తిప్పి పంపుతాడో, తిన్నగా ఇవ్వచ్చు కదా అని ఒక్క క్షణం అనిపించింది. తిన్నగా వచ్చి ఉంటే, తను ఎప్పట్లాగే దానికి వీపు పెట్టి కూర్చునేవాడేమో.

"అమ్మా," అన్నాడు చివరికి, "మీరు అర్జీ పెట్టకపోతే నాకు ఆ పేరు వచ్చేది కాదు. పేరు రాకపోతే ఈ బొమ్మకి ఏం పేరు పెట్టేవారు? పళ్లబుట్ట అని పెట్టేవారా?"

ముందు నవ్వింది భార్య. తర్వాత టీచరు నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆయన లేచి ఆవిడకి రెండు చేతులూ జోడించాడు. "నేను పెట్టాల్సిన దణ్ణం ఇది. సాక్షి దొరకడని అనుకున్నాను. దొరికారు."

టీచరు సంచీలోంచి అంచులు నలిగిన ఒక నోటుబుక్కు తీసి ఇచ్చింది. అన్నీ ఆ లోయ గీతలే. మొదటి కాగితాల్లో కొండలు బోర్లించిన గిన్నెల్లా ఉన్నాయి. పోనుపోను కొండలయ్యాయి. ఒక కాగితం మూల, చక్రం దగ్గర గొంతుకూర్చున్న మనిషి వీపు ఉంది. చెయ్యి తిరగేసి డ్రమ్ముకి ఆనించి ఉంది, పిల్లకి జ్వరం చూస్తున్నట్టు.

భార్య ఆ కాగితం చాలాసేపు వదల్లేదు. "చొక్కా చిరుగు కూడా వేసింది చూడండి," అంది. "ఆ చొక్కా నేనే కుట్టాను. చిరుగు మాత్రం మీదే."

*

ఆయన పెద్ద బొమ్మ ముందు బల్ల మీద వచ్చి కూర్చున్నాడు. ఈసారి రాళ్లకేసి చూడలేదు. పైనుంచి మొదలుపెట్టాడు. దూరపు కొండలు, దగ్గరి కొండలు, పొలాలు. ఆమె మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

"నది ఎటు పోతుందంటావు?"

"మన ఊరి వైపే పోతున్నట్టుంది. మనింటి కొళాయిలో నీళ్లు ఎక్కడివనుకున్నారు?"

"ఇన్నేళ్లూ దాని నెత్తిమీంచే బండి తోలానా?"

"తోలారు. దాని నీళ్లే తాగారు. లేదని ఇందాక పోట్లాడారు కూడా."

ఆయన తల ఊపాడు. చూడనిదల్లా లేదనుకున్నాను, నన్ను ఎవరూ చూడలేదని కూడా అలాగే అనుకున్నాను అనిపించింది. పైకి అనలేదు. అంటే ఈవిడ ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుని ఎత్తిపొడుస్తుంది.

గుమ్మంలోంచి కాంపౌండరు తల పెట్టాడు. "నలభై ఒకటి మీదే కదండీ? రెండుసార్లు పిలిచాం. ఇప్పుడు రాకపోతే అందరి చివరా చూడాల్సొస్తుంది."

డ్రైవరు లేవబోయాడు. ఆమె ఆయన చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. "చివరే చూడమనండి," అంది కాంపౌండరుతో. "ఇంత కాలం నొప్పిపెట్టిన మోకాళ్లు ఇంకో గంట ఆగలేవా?"

అతను వెళ్లిపోయాడు. కాసేపయ్యాక ఆమె అడిగింది, "మరి ఆదివారం?"

ఆయన జేబులోంచి కార్డు తీసి, మడత విప్పి, టైము ఎప్పుడో చూసుకున్నాడు.

"వెళ్తాను. కొండ బస్సు ఇప్పుడెవరు నడుపుతున్నాడో కనుక్కోవాలి. ఎడమ పక్క కిటికీ దగ్గర మనిద్దరికీ సీట్లు కావాలి. తొమ్మిదో మలుపులో ఒక్క ఆరు నిమిషాలు ఆపమని అడగాలి."

"పాపం, ఆ అబ్బాయికి మెమో ఇస్తారేమో."

"ఇస్తే ఇవ్వనీ," అన్నాడు, కళ్లు నది మీంచి తిప్పకుండా. "సంజాయిషీ నేను రాసిపెడతాను. నాకు నోటికొచ్చు."